గాయం వైపు నడవని కణాలు

చేప పొలుసు మీంచి కణాలు పాకుతూ బయటికి రావడం మీలో ఎంతమంది చూశారో నాకు తెలియదు. చూడనివాళ్ళుంటే ఈ వారంలోనే చూడండి. బతికున్న చేప ఒంటి మీంచి ఒక్క పొలుసు పట్టకారుతో తీసి, గాజు పలక మీద కాస్త పోషక ద్రవంలో ఉంచి, కొన్ని గంటలు ఓపిక పట్టాలి, అంతే. మనిషి కణాలకైతే వేడి పెట్టెలూ గ్యాసు సిలిండర్లూ కావాలి. చేప కణాలకి మన బెజవాడ గది వేడి చాలు. పొలుసు అంచున పల్చటి పొర ఒకటి పరుచుకుంటుంది. దాంట్లోంచి ఒక్కో కణం విడిపోయి, ముందు భాగాన్ని విసనకర్రలా విప్పుకుని గాజు మీద జారిపోతుంది. మొదటిసారి చూసినరోజు నేను మధ్యాహ్నం భోజనం మర్చిపోయాను.

విజయవాడలో ఒక కాలేజీలో జువాలజీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పాఠాలు పొట్టకూటికి, ఆ కణాలు నా సంతోషానికి. వాటిని ముందుకు నడిపించేదేమిటి, ఎటు నడవాలో వాటికి ఎవరు చెబుతారు అన్నదే నా ఉద్యోగ జీవితమంతా అడుగుతూ వచ్చిన ప్రశ్న.

జవాబులో సగం కొవ్వులో ఉంది. కొవ్వు అనగానే మనకి వేపుడు మూకుడూ, డాక్టరు గారి హెచ్చరికలూ గుర్తొస్తాయి. కణం చుట్టూ ఉండే పల్చటి పొర కూడా కొవ్వుదే. అందులో చాలా భాగం గోడలా నిలబడి ఉంటుంది. కానీ అతి తక్కువగా ఉండే కొన్ని కొవ్వు అణువులు కబుర్లు మోస్తాయి. ఒక వైపు నుంచి పిలుపు తగిలితే, అటువైపు పొర లోపల ఉండే ఎంజైము ఒకటి ఆ కొవ్వుకి ఇంకో ఫాస్ఫేటు తగిలిస్తుంది. వెంటనే కొన్ని ప్రోటీన్లు వెతుక్కుంటూ వచ్చి అక్కడ అతుక్కుంటాయి, లోపలి పోగులు పెరిగి పొరని ముందుకు తోస్తాయి. ఆ వైపే కణానికి ముందు వైపు అవుతుంది. ఇంతవరకూ గుర్తుంచుకుంటే చాలు, మిగతాదంతా మనుషుల గొడవే.

నేను రిటైరవడానికి కొంచెం ముందు జరిగిన సంగతి ఇది. ఎవరి పేర్లూ రాయను. అందరూ ఇంకా అక్కడే ఉన్నారు, చేపలు పెంచుకుంటున్నారు, పెళ్ళిళ్ళలో ఒకరికొకరు ఎదురుపడుతున్నారు.

మా ల్యాబుకి చేపలు గుడివాడ అవతల ఒక చెరువుల రైతు దగ్గర్నుంచి వచ్చేవి. మంచి మనిషి, కాస్త మాట దురుసు. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఆయన ఫోన్ చేశాడు.

“మేడమ్, నా చేపలకి పుండ్లు మానట్లేదండీ. నీళ్ళు పరీక్ష చేయించా, మందులు చల్లించా. చచ్చిపోతానే ఉన్నాయి. మీరు రోజూ చేప చర్మమే చూస్తారు గదా, ఒకసారి వచ్చిపోండి.”

కంకిపాడు మీదుగా వెళ్ళాను. గట్టు ఎక్కకముందే వాసన తెలిసింది. జానెడుకి పైనే పెరిగిన బొచ్చెలూ, శీలావతులూ నీళ్ళ అంచున తెల్లగా తేలుతున్నాయి. బాగా పెరిగిన చేపల్ని ఇంకో చెరువులోకి మార్చడానికి ఆయన కొద్దిరోజుల క్రితం వల లాగించాడట. వల ఒరుసుకుని చేపలకి నాలుగు పొలుసులు ఊడటం మామూలే. మామూలుగా అయితే ఆ గీతలు త్వరగానే పూడిపోతాయి. ఈసారి పూడలేదు. ఊడిన చోటల్లా పచ్చిగా అలాగే ఉండి, దూదిలాంటి బూజు పట్టి, చేప చచ్చిపోతోంది.

మేత షెడ్డు పక్కన వలలు కుప్పగా పడేసి ఉన్నాయి. వాటికి కాపలాగా రైతు మనుషులు ఇద్దరున్నారు. కొంచెం దూరంలో ఒకాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. కొల్లేరు అంచున ఉన్న ఊరి నుంచి వల లాగడానికి వచ్చే ముఠాకి ఆయన మేస్త్రి.

“అదుగో, ఆయన్నే అడగండి,” అన్నాడు రైతు. “ఎక్కడో రోగం చెరువులో లాగిన వలలు, ఉతక్కుండా ఎండబెట్టకుండా తెచ్చి నా చెరువులో వేశారు. లేకపోతే నేనంటే పడనోళ్ళెవరో వలలకి ఏదో పూయించారు. రెంట్లో ఒకటి ఖాయం.”

మేస్త్రి లేచి నిలబడ్డాడు. “మేడంగారూ, మా ఇళ్ళల్లో పిల్లలు ఈ వలల మీదే పడుకుంటారండి. విషం పూసి మా పిల్లల్ని పడుకోబెడతామా?”

“నువ్వు మాట్లాడకు,” అన్నాడు రైతు.

జబ్బు చేపలు కొన్ని, పక్క చెరువులో ఇంకా వల పడని మంచి చేపలనుకున్నవి కొన్ని, ఆక్సిజన్ నింపిన సంచుల్లో పెట్టించుకుని వెనక్కి వచ్చాను.

ఆ పక్క చెరువు రైతు తమ్ముడిది. ఈ ముక్క గుర్తుంచుకోండి.

ల్యాబులో జబ్బు చేపల పొలుసులు తీసి పెట్టాం. కణాలు పాకవనే అనుకున్నాను. పుండు పూడటమంటే చుట్టూ ఉన్న చర్మం కణాలు పాకి వచ్చి కప్పడమే కదా. పూడలేదంటే పాకలేవన్నమాట. సాయంత్రానికి మైక్రోస్కోపులో చూస్తే అవి చక్కగా, చురుగ్గా, మంచి చేప కణాలకి ఏ మాత్రం తగ్గకుండా తిరుగుతున్నాయి. ఇంకో పలక పెట్టి చూశాను, అదీ అంతే.

మా హెడ్డు గారు నా భుజం మీంచి చూశారు. ఆయన చెడ్డవారు కాదు. అయితే ఎవరైనా ఏదైనా అడిగితే ఇంకా తెలియలేదని చెప్పడం మటుకు ఆయన వల్ల అయ్యేది కాదు. రైతు అప్పటికే ఆయనకి రెండుసార్లు ఫోన్ చేశాడట. “చేపల్లో లోపమేం లేదండి, చర్మం బ్రహ్మాండంగా ఉంది. సమస్య బయట నుంచే వచ్చుంటుంది,” అని ఆయన జవాబిచ్చేశారు. నేను పక్క గదిలో ఉన్నాను, నాకు తర్వాత తెలిసింది. బయట నుంచి అన్న మాట గుడివాడ దాటేసరికి వలల నుంచి అయిపోయింది.

మర్నాడే ఆ వలల్ని గట్టు మీద కాల్చేశారు. ఎవరో వీడియో తీస్తే ఫోన్లలో తిరిగింది. మేస్త్రిని స్టేషన్‌కి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. చెరువుల రైతుల సంఘం ఆదివారం సమావేశం పెట్టింది, ఆ ముఠాని చుట్టుపక్కల ఏ చెరువులోనూ దిగనివ్వకూడదని తీర్మానం చేయడానికి.

మేస్త్రి భార్య బస్సెక్కి కాలేజీకి వచ్చింది. నా గది గుమ్మంలో నిలబడి, లోపలికి రమ్మన్నా రాలేదు.

“మేడంగారంటే మీరేనాండి? చేపల్లో ఏం లేదు, వలల్లోనే ఉందని మీ కాలేజీ వాళ్ళు మిషన్లో చూసి రాసిచ్చారంట.”

“అట్లా ఎవరూ రాసివ్వలేదమ్మా.”

“రాసివ్వకపోయినా, నోటి మాటకే కాల్చారు గదండి.” ఆమె గొంతు పెంచలేదు. “మా వల మీరు చూడనేలేదు. ఇప్పుడు చూద్దామన్నా బూడిదే ఉంది. ఆదివారం మీటింగయ్యాక మా ఊరి మీదికొస్తామంటున్నారు రైతుల కుర్రోళ్ళు. మగోళ్ళు సగం మంది ఇళ్ళల్లో లేరు, భయపడి ఎటో పోయారు. మీరేదన్నా చెప్పేది ఉంటే ఆలోపు చెప్పండి.”

కూర్చోమన్నాను, మంచినీళ్ళిచ్చాను. నీళ్ళు తాగి వెళ్ళిపోయింది. నా దగ్గర ఉన్నదల్లా చకచకా పాకుతున్న కణాలు, వాటి పక్కన ఎంతకీ మానని పుండ్లు. రెండూ నిజమే. రెండూ ఒక చేప ఒంటి మీద ఎలా పొసుగుతాయో అర్థం కాక గదిలో అటూ ఇటూ తిరిగాను. తిరుగుతుంటేనే తట్టింది. నేనూ తిరుగుతూనే ఉన్నాను, ఎక్కడికీ చేరడం లేదు. ఆ కణాలు పాకుతున్నాయా లేదా అని మాత్రమే చూశాం. ఎటు పాకుతున్నాయో చూడలేదు.

గాజు పలక మీద పుండు ఉండదు కాబట్టి ఎటు పాకినా ఒకటే. చేప ఒంటి మీద అలా కాదు. చర్మం చిట్లిన చోట సన్నటి విద్యుత్తు పుడుతుంది. గాయం మధ్య భాగం మైనస్ వైపు. మంచి కణాలు దాన్ని పసిగట్టి అటు తిరుగుతాయి. అలా తిరగడానికి కావలసింది ఆ కొవ్వు సంకేతమే.

ఫిజిక్స్ మాస్టారి గదికి పరిగెత్తినంత పని చేశాను. చేపని పళ్ళెంలో తప్ప ఇంకెక్కడా గుర్తుపట్టలేనని చెప్పుకునే మనిషి ఆయన. కానీ కొన్నేళ్ళ క్రితం నా కణాలకి సన్నగా కరెంటు ఇవ్వడానికి గాజు పలకల మధ్య చిన్న గది ఒకటి కట్టి, రెండు వైపులా ఉప్పునీటి జెల్లీ గొట్టాలు బిగించి పెట్టింది ఆయనే. అది అలమరలో దుమ్ము పట్టి ఉంది. విషయం చెప్పాను. ఆయన జోకు వెయ్యలేదు. కళ్ళజోడు తుడుచుకుని లేచారు.

మంచి చేపలు కావాలి కదా. తమ్ముడి చెరువు నుంచి తెచ్చినవి ప్రయాణంలోనే చనిపోయాయి. పటమట మార్కెట్లో బతికున్న శీలావతి కొనుక్కొచ్చాను. దాని కణాలకి కరెంటు ఇవ్వగానే ఒక్కొక్కటే తల తిప్పి మైనస్ వైపు బయల్దేరాయి. తర్వాత జబ్బు చేప కణాలు పెట్టాం. అవీ తిరిగాయి. ప్లస్ వైపు.

“వైర్లు మారాయేమో చూడండి మాస్టారూ.”

“ముప్పై ఏళ్ళుగా ప్లస్సూ మైనస్సూ చెప్పుకునే బతుకుతున్నానండీ మేడమ్,” అన్నారు కానీ, వంగి చూశారు. వైర్లు సరిగానే ఉన్నాయి. కావాలని అటుదిటు మార్చారు. మైక్రోస్కోపుకి బిగించిన టీవీ తెర మీద కణాలు ఒక్క క్షణం తడబడి, ముందు భాగాన్ని మూసుకుని, ఇంకో వైపు విప్పుకుని మళ్ళీ ప్లస్ వైపే పోయాయి. వేగంలో ఏ తేడా లేదు. చేప ఒంటి మీద ఉంటే అవన్నీ పుండుకి వీపు తిప్పి, చురుగ్గా, దూరంగా వెళ్ళిపోతాయి.

నేను తెర మీంచి కళ్ళు తిప్పి మూలనున్న ఫ్రీజర్ వైపు చూశాను. ఎందుకంటే ఈ నడక నేను ఇంతకుముందు చూశాను. మా ఫ్రీజర్లో చిన్న సీసా ఒకటి ఉండేది. ఒక రకం బూజు తయారుచేసే విషం అది. కొవ్వుకి ఫాస్ఫేటు తగిలించే ఎంజైముని అది పట్టేసి పని చెయ్యనివ్వదు. ఆ సంకేతం లేకపోతే కణం ఏం చేస్తుందో చూడటానికి మేమే ఎన్నోసార్లు మంచి కణాల మీద వేశాం. వేసిన ప్రతిసారీ ఇలాగే వెనక్కి నడిచాయి.

ఆ కొవ్వుకి మాత్రమే అంటుకునే రంగు కొంచెం మిగిలి ఉంటే జబ్బు కణాలకి పట్టించి చూశాం. మంచి కణాల్లో ముందు అంచు మొత్తం మెరిసింది. జబ్బు కణాల్లో చీకటిగా ఉంది.

బూజు. పుండు మీద తర్వాత పట్టే దూది బూజు కాదు, ఇలాంటి విషం చేసే బూజు చెరువులోకి ఎలా వస్తుంది? చేపలకి మేత తవుడు. చిల్లులు పెట్టిన బస్తాల్లో తవుడు నింపి చెరువులో పాతిన గుంజలకి కడతారు, చేపలు వచ్చి చిల్లుల దగ్గర తింటాయి. వానలన్నీ పడ్డాక షెడ్డులో తవుడు ఎలా ఉందో నేను గట్టు మీద ఉండి కూడా చూడలేదు. ఆ రోజు అందరం వలల వైపే చూస్తున్నాం.

రైతుకి ఫోన్ చేసి తవుడు కొంచెం పంపమన్నాను.

“నా షెడ్డులో బూజా?” అని గయ్యిమన్నాడు. “మొన్న మీ హెడ్డు గారు చేపలు బాగున్నాయన్నారు. ఇవాళ మీరు నా మేత బాలేదంటున్నారు. మధ్యలో ఆ మేస్త్రి పెళ్ళాం మీ దగ్గరికొచ్చిందని కూడా నాకు తెలుసు మేడమ్.”

హెడ్డు గారు నన్ను పిలిపించారు. “కాలేజీ నుంచి ఒక మాట వెళ్ళింది. ఇప్పుడు ఇంకో మాటంటే మన పరువేం కావాలండీ? పైగా ఈ రంగులూ, ఈ ప్లస్సూ మైనస్సూ చూపించి రైతుల్ని ఒప్పించగలరా?”

“ఒప్పుకోకపోతే వాళ్ళ ఇష్టం సార్. వాళ్ళని కళ్ళతో చూడనివ్వండి,” అన్నాను.

చివరికి మార్గం రైతే చెప్పాడు. పరీక్ష పెడతానన్నాడు. “నాలుగు చోట్ల నుంచి చేపలు తెస్తాం. సంచులకి రంగు గుడ్డలు కడతాం. ఏది ఎక్కడిదో సంఘం పెద్దాయనకీ, నాకూ తప్ప ఎవరికీ తెలీదు. ఏవి చెడ్డవో మీ మిషన్లో చూసి మీరే చెప్పండి. ఒక్కటి తప్పినా మీరు ఈ గొడవలోంచి తప్పుకోవాలి. సరేనా?”

సరేనన్నాను.

ఆదివారం పొద్దున్నే సంచులు వచ్చాయి. ఎరుపు, నీలం, తెలుపు, పసుపు గుడ్డలు కట్టి ఉన్నాయి. పొలుసులు తీసి పెట్టి మధ్యాహ్నం దాకా ఆగాలి. ఆగడంలో ఇంకో చిక్కుంది. మంచి ద్రవంలో ఎక్కువసేపు ఉంచితే కణాలు కొత్త ఎంజైము తయారుచేసుకుని కోలుకుంటాయి. తొందరపడితే పాకవు, ఆలస్యమైతే తేడా కనపడదు. కరెంటు పోతే ఇంతే సంగతులని మాస్టారు కారు బ్యాటరీ ఒకటి తెచ్చి బల్ల కింద పెట్టారు.

సంఘం సమావేశం కాలేజీకే మారింది. వరండా నిండా రైతులు. గేటు బయట మోటారుసైకిళ్ళ మీద కుర్రాళ్ళు ఇంజన్లు ఆపకుండా కూర్చున్నారు. మేస్త్రిని ఎవరో పెద్దమనిషి పూచీ మీద స్టేషన్ నుంచి పంపారు. ఆయన, భార్య ల్యాబులో గోడ వారగా నిలబడ్డారు. కుర్చీలు చూపిస్తే కూర్చోలేదు. రైతు, ఆయన తమ్ముడు, సంఘం పెద్దాయన టీవీ తెర ముందు కూర్చున్నారు.

ఎరుపు సంచి చేప కణాలు మొదట పెట్టాం. తెర మీద అవి ప్లస్ వైపు వెళ్ళడం అందరూ చూశారు. “నత్తల్లా పోతున్నాయి గదరా,” అన్నారెవరో. నీలం సంచివి మైనస్ వైపు తిరిగాయి. తెలుపువీ అంతే. అప్పటికి నా మనసు కాస్త కుదుటపడింది.

పసుపు సంచి దగ్గర పీట ముడి పడింది. ఆ చేప ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. పొలుసులు అద్దంలా ఉన్నాయి. పట్టకారుతో తీసినప్పుడే ఇది మంచి చెరువుది అనుకున్నాను. కరెంటు ఇచ్చాం. కణాలు ప్లస్ వైపు బయల్దేరాయి.

మాస్టారు నా వైపు చూశారు. వైర్లు మార్చారు. మళ్ళీ ప్లస్ వైపే. ఇంకో పొలుసు పెట్టాం. అదీ అంతే.

హెడ్డు గారు నా చెవి దగ్గరికి వంగారు. “పసుపు వదిలెయ్యండి. తేలలేదని చెప్పండి. మిగతా మూడూ సరిపోతే చాలు కదా. తప్పయితే మొత్తం పోతుంది.”

చెప్పొద్దూ, నాకూ అదే అనిపించింది. ఆ చేప అంత ఆరోగ్యంగా ఉంది. గోడ వారగా ఉన్న ఆ ఇద్దరి వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. తేలలేదంటే వాళ్ళకి పోయేది లేదు. తప్పు చెబితే అంతా పోతుంది. కానీ తేలలేదనడం అబద్ధం. తెర మీద తేలిపోయింది, నాకు నచ్చని వైపు తేలింది. అంతే తేడా.

“ఎరుపు చెడ్డది. నీలం, తెలుపు మంచివి. పసుపు చెడ్డది,” అన్నాను.

సంఘం పెద్దాయన రైతు వైపు చూశాడు. రైతు నెమ్మదిగా లేచాడు.

“ఎరుపు నా చెరువుది. ఒప్పుకుంటున్నా. తెలుపు కొల్లేట్లో పట్టింది. నీలం కూచిపూడి పక్కన ఒక చెరువుది. అక్కడా ఈ ముఠాయే, కాల్చిన ఆ వలలతోనే లాగారు. మంచిదంటున్నారు, సరే.” అక్కడిదాకా గొంతు మామూలుగానే ఉంది. “పసుపు మా తమ్ముడి చెరువుది మేడమ్. దాంట్లో ఈ ఏడు వల పడలేదు. వాడు వేసేది వేరే మిల్లు తవుడు. రోగం లేదు, ఒక్క చేప చావలేదు. నా చేతుల్తో గాలం వేసి పట్టుకొచ్చా. దాన్ని మీరు చెడ్డదన్నారు.”

గది గోలగోలైంది. “మిషను తప్పండీ!” “ఇదంతా టైము గడపడానికే!” వరండాలోంచి మాట గేటు దాకా పాకింది, బయట ఇంజన్లు ఒక్కసారి రేగాయి. మేస్త్రి భార్య భర్త చొక్కా పట్టుకుంది. మాస్టారు ఏదో చెప్పబోయారు, ఎవరూ వినలేదు. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను.

“అన్నయ్యా.”

తమ్ముడు కూర్చునే ఉన్నాడు. తలెత్తలేదు. “అన్నయ్యా, ఆగు.”

“ఏంట్రా?”

“వానల్లో రోడ్డు తెగిపోయి నాకు లారీ రాలేదు. నువ్వు ఊళ్ళో లేవు. వదినకి చెప్పి మీ షెడ్డులోంచి బస్తాలు తెప్పించుకున్నా. ఇప్పటికీ అవే వేస్తన్నా.” గొంతు తగ్గింది. “అడుగు వరసలో బస్తాలు విప్పితే ఆకుపచ్చగా గడ్డలు కట్టి ఉన్నాయి. మీ పాలేరు అవి చితక్కొట్టి కలిపేస్తన్నాం అన్నాడు. మేమూ అట్టాగే చేశాం.”

గోల ఆగింది. ఎలా ఆగిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. ఒకరి తర్వాత ఒకరికి అర్థమవుతూ, గది చివరి దాకా నిశ్శబ్దం వెళ్ళింది. వల అసలు తాకని చేప. ఒంటి మీద గీత లేదు కాబట్టి పుండు లేదు. వల పడ్డ రోజున అదీ ఇలాగే కుళ్ళిపోయేది.

సంఘం పెద్దాయన నన్ను అడిగాడు. “అంటే మేడమ్, వల వల్ల గీతలు పడ్డమాట నిజమే, కానీ అవి మానకుండా చేసింది తవుడంటారు.”

“అవునండి. కణాలు నడవగలవు. ఎటు నడవాలో చెప్పే కొవ్వు తయారవకుండా ఆ బూజు అడ్డం పడుతోంది. తవుడు తెచ్చివ్వండి, ఇక్కడే చూపిస్తాను.”

ఆ సాయంత్రమే తవుడు వచ్చింది. నానబెట్టి వడకట్టిన నీళ్ళు మార్కెట్ శీలావతి కణాల మీద వేస్తే అవీ వెనక్కి తిరిగాయి. చూడటానికి అప్పటికి ఎక్కువమంది లేరు. గేటు దగ్గర మోటారుసైకిళ్ళు ఎప్పుడు వెళ్ళిపోయాయో నేను గమనించలేదు. మేస్త్రి వెళ్ళేముందు నాకు నమస్కారం పెట్టాడు. రైతు వైపు చూడలేదు. రైతు తలుపు పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

తర్వాత తవుడు పెద్ద ల్యాబుకి పంపాం. మా సీసాలోని విషం కుటుంబానికే చెందినది అందులో ఉందని వాళ్ళు చెప్పారు. హెడ్డు గారు ఆ జవాబు నాకంటే ముందే అందరికీ ఫోన్లలో చెప్పేశారు. ఈసారి నేనేమీ అనుకోలేదు.

షెడ్డులో బస్తాలన్నీ పూడ్చిపెట్టించి, కొత్త మేత వేశారు. చచ్చినవి చావగా మిగిలిన చేపలకి పుండ్లు మానాయి. నేను వెళ్ళి ఒకదాన్ని చేతిలోకి తీసుకుని చూశాను. గాయం ఉన్న చోట లేత పొర, దాని కింద కొత్త పొలుసులు పుట్టుకొస్తున్నాయి. మీలో ఈ పని చెయ్యబోయే వాళ్ళకి ఒక మాట. మైక్రోస్కోపులో ఎన్ని వేల కణాలు చూసినా, మానిన చర్మాన్ని వేలితో తడిమినప్పుడు కలిగే ఆనందం వేరు.

మనుషుల సంగతి అంత త్వరగా తేలలేదు. రైతు కొత్త వలలు కొని బండిలో ఆ ఊరికి పంపాడు. తిరిగొచ్చాయి. తమ్ముణ్ణి పంపాడు. మంచినీళ్ళిచ్చి పంపేశారు. చేపలు పట్టి అమ్మే సైజుకి వచ్చేశాయి, ఇంకో ముఠాని పిలవడానికి ఆయనకి మొహం చెల్లలేదు. చివరికి నాకు ఫోన్ చేసి, “మీరు ఒక మాట చెప్పండి మేడమ్,” అన్నాడు.

“నేను చెప్పే మాట కాదండీ అది. వలలు కాల్చినప్పుడు ఎవరెవరు ఉన్నారో వాళ్ళందర్నీ అదే గట్టు మీదికి పిలవండి. మేస్త్రినీ, ఆయన ముఠానీ పిలవండి. వాళ్ళ ముందు మీరే చెప్పండి.”

గట్టు మీదే చెప్పాలా అని ఒకసారి అడిగాడు. తర్వాత సరేనన్నాడు.

ఆ రోజు నేనూ, ఫిజిక్స్ మాస్టారూ వెళ్ళాం. గట్టు మీద కాలిన మచ్చ ఇంకా నల్లగానే ఉంది. రైతు దాని పక్కన నిలబడి, కండువా తీసి చేతిలో పట్టుకుని, “తప్పు నా మేతది. నిందేమో నీ మీద వేశా. వలలు కాల్పించింది నేనే. నన్ను క్షమించు,” అన్నాడు. మాట దురుసు మనిషి నోటికి ఆ మాటలు ఎంత బరువయ్యాయో మొహం చూస్తే తెలిసింది.

మేస్త్రి తన ముఠా వైపు చూశాడు. రైతు మళ్ళీ తెప్పించిన కొత్త వలలు అప్పటికే వాళ్ళ భుజాల మీద ఉన్నాయి.

“మావోళ్ళు దిగుతారండి. వాళ్ళకి తిండి గడవాల,” అన్నాడు. “నేను మాత్రం ఈ చెరువులో దిగను.”

రైతు తల ఊపాడు.

ముఠా నీళ్ళల్లోకి దిగింది. వల రెండు వైపుల నుంచీ దగ్గరికి రావడం మొదలైంది. మేస్త్రి గట్టు మీదే, చేతులు కట్టుకుని, నా పక్కన నిలబడ్డాడు. వల బిగుసుకునే కొద్దీ చేపలు ఎగరసాగాయి. ఎడమ పక్క కుర్రాళ్ళు కొంచెం తొందరపడ్డారు. ఆయన కట్టుకున్న చేతులు ఊడిపోయాయి. రెండడుగులు ముందుకేసి, సరిగ్గా నీళ్ళ అంచున ఆగిపోయి, గొంతెత్తి అరిచాడు.

“నెమ్మదిరా! ఎడమోళ్ళు తగ్గండి! ఒరుసుకుంటే పొలుసు లేచిపోద్ది, నెమ్మదిగా లాగండి!”